అవ్వా, ఇంట్లోకి పో

కృష్ణగిరి, ఆదివారం.

అవ్వా, నేను ఈడ బాగుండాను. భూమి అదిరినప్పట్నుంచి నువ్వు భయపడి ఇంట్లోకి పోకుండా ఉండావని చిన్నాయన చెప్పినాడు. నిన్న కాలేజీ వాళ్లతో క్వారీకి పోయినాను. ఆడ బండలో ఒక తెల్లచార సాగి సాగి, నడుమ సన్నబడి ఉండాది.

"కోట్ల ఏండ్ల కింద భూమి పలకలు రెండు గుద్దుకుంటే, లోపలి వేడికి రాయి సంగటి మాదిరి సాగింది" అని మేడం చెప్పింది.

"మళ్లీ అదురుతుందా మేడం?" అని అడిగినాను.

"ఇప్పుడు పలకలు గుద్దుకునేది హిమాలయాల దగ్గర. ఈడ పెద్దది రావడం అరుదు. కానీ రానే రాదని చెప్పలేను" అనింది.

అందుకే, ఇంట్లోకి పో, కానీ బండల మిద్దె కింద వద్దు, రేకుల గదిలో పడుకో. గోడకి బీట ఏమన్నా పడి ఉంటే చిన్నాయనకి చూపించు. ఎర్రావు ఈనిందా? చిన్నాయన కూతురు నళినికి నా ముద్దులు. శనివారం వచ్చి నీ పక్కనే పడుకుంటాను.

నీ మనవరాలు,
నాగవేణి