మాల్ గడప తొక్కనని ఒట్టు

మే 4, సోమవారం
ఒట్టేశాను! మార్కెట్ నడిమధ్య, నా చేపల బల్ల మీదెక్కి, అందరి ముందూ! మా మార్కెట్‌ని పడగొట్టి, ఊళ్లో ఉన్న మాల్ కంపెనీకే ఆ స్థలం కూడా అప్పగించాలని మేయరు చూస్తున్నాడు. అమ్మ తర్వాత నాకొచ్చిన బల్ల ఇది. ఇది పోతే నేనెక్కడ నిలబడాలి? ఇక ఆ మాల్ గడప తొక్కితే నా పేరు ఫెలిసిదాదే కాదు! అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పక్క బల్ల పసీటా.

మే 6
ధర్నాకి అనుమతి కావాలట. మునిసిపాలిటీకి వెళ్తే, ఆ కౌంటరు మాల్ మూడో అంతస్తుకి మార్చామన్నారు. మాల్ మీద ధర్నాకి మాల్‌లోనే అనుమతా! ఇదెక్కడి విడ్డూరం!
వెళ్లాను. పోరాటం పని కదా, లెక్కలోకి రాదు.
గుమ్మంలో గార్డు నా సంచీలో కర్ర పెట్టి కెలికాడు. "అక్కా, చేపల కంపు."
"చేపలమ్మేదాని దగ్గర మల్లెల వాసనొస్తుందా, నాయనా?"
లోపల ఎంత చల్లగా ఉందో! (ఈ ముక్క పసీటాకి చెప్పకూడదు.)

మే 8
మాల్ ముందు ధర్నా. మాడు పగిలే ఎండ. "మంచినీళ్లు తాగొస్తా" అంటూ ఒక్కొక్కరే మాల్‌లోకి జారుకున్నారు. ఈ ఎండకి ఫిలిప్పీన్స్ మొత్తం మాల్‌లోనే ఉన్నట్టుంది! చివరికి మిగిలింది నేనూ, మైకూ. పసీటా కూడా పోయి, ఐసు తురుము, పాలు కలిపిన హాలోహాలో పట్టుకొచ్చింది.
"ఒసే ద్రోహీ!"
"నీక్కూడా తెచ్చానే. కరిగిపోతోంది, ముందు తిను."
తిన్నాను. గడప దాటలేదుగా!

మే 10, ఆదివారం
చర్చి కప్పు బాగుచేస్తున్నారు. దివ్యపూజ మాల్ నాలుగో అంతస్తులో. దేవుడు పిలిస్తే కాదంటానా? వచ్చేటప్పుడు సగం ధరకి చెప్పులు కొన్నాను. పోరాటమన్నాక నడవాలిగా.

మే 13
మార్కెట్ మీద విచారణ. కౌన్సిల్ హాల్లో ఏసీ పాడైందని మాల్ సినిమా హాల్లో పెట్టారు! గుమ్మం దగ్గర ఆగిపోయాను.
"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు! బల్లలు పోతున్నాయే!" అంటూ పసీటా రెక్క పట్టుకుని లాక్కుపోయింది.
మెత్తటి కుర్చీలు. మావాళ్లలో సగంమంది గురక. కంపెనీ ఆయన నవ్వుతూ అడిగాడు: "మా మాల్‌కి రానివాళ్లుంటే చెయ్యెత్తండి."
నా చెయ్యి సగం లేచి దిగిపోయింది. సిగ్గేసింది. ఆ వెనకే ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.
"రాకేం చేస్తాం బాబూ? ఆఫీసు ఇక్కడే, పూజ ఇక్కడే, ఆఖరికి మీ మీద విచారణా ఇక్కడే! మీది కాని చోటు ఈ ఊళ్లో మాకు మార్కెట్ ఒక్కటే మిగిలింది. అదీ ఇచ్చేయమంటారా?"
గురకలు ఆగాయి. తర్వాత చప్పట్లే చప్పట్లు!
నిర్ణయం నెలాఖరుకి వాయిదా వేశారు.

మే 14
మళ్లీ ఒట్టేశాను. ఈసారి నిజంగా! ఆ మాల్ గడప తొక్కను. ఆదివారాలు తప్ప. నెలాఖరు విచారణ తప్ప. మరీ ఎండగా ఉంటే తప్ప.
పసీటా పడీపడీ నవ్వుతోంది. నవ్వనీ. తన బల్ల దగ్గర నిలబడే కదా నవ్వుతోంది.