ఏడో జాడీలో పచ్చడి

తమ్ముడు ఏసురత్నానికి అక్క రాసేది. ఇక్కడంతా బాగానే ఉంది, నా గుండెదడ తప్ప.

మునిగిన ఓడలోంచి మీరు తీసిన జాడీలు ఆరేనని కోర్టులో చెప్పావంట. మరి నా వంటింట్లో ఉన్న ఏడోదో? గుంటూరులో కొన్నానని ఎంత గొప్పలు పోయావురా! అందులో నేను పండుమిరప పచ్చడి పెట్టేశాను.

నిన్న ఆ ఓడ సామాను లెక్క చూసే ఆఫీసరుగారు దానికోసమే వచ్చారు. భయపడి అన్నం పెట్టాను. ఆ జాడీలోంచే మూడుసార్లు పచ్చడి వేయించుకుని, "చేతి మహిమమ్మా" అంటూ ఓ సీసాడు పచ్చడి కూడా పట్టుకెళ్లారు. జాడీని చూడనేలేదు. ఆదివారం మళ్లీ వస్తారంట.

పచ్చడి అడుగంటింది. ఈసారి ఆయన చూపు జాడీ మీదే పడుతుంది. నిన్ను జైల్లో పెడతారేమోనని ముద్ద దిగట్లేదు. ఆలోగా వచ్చి, తప్పయిందని నువ్వే కోర్టులో అప్పజెప్పు.

కడిగి ఉంచుతాను. ఎంత తోమినా ఘాటు పోదు. జడ్జిగారు తుమ్మితే మాత్రం నా పేరు చెప్పకు.

మీ అక్క