ఒంటికాలి మీద ముప్పై

జూన్ 12, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు,

మీ అక్క వాళ్లమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం అని ముందు రాయాలి కదా, రాశాననుకో. నువ్వక్కడ వేళకు తింటున్నావని తలుస్తాను. నా చదువు నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు అక్కా అని పిలిచే నా కూతురు పోయి నెలా పది రోజులు. ఏడాదికోసారి చేసే ఆస్పత్రి పరీక్షకు పది రోజుల ముందు, నిద్రలోనే గుండె ఆగింది. పైన అంతరిక్షంలో పదకొండు నెలలు ఉండి వచ్చినందుకేనా అని డాక్టరమ్మను అడిగాను. ఔననీ చెప్పలేం, కాదనీ చెప్పలేమమ్మా అన్నారు. తెలియనిది తెలియదన్నారు, అదే నయం.

వచ్చే నెల నువ్వు రెండేళ్లకని పైకి వెళుతున్నావట. అందుకే అక్క రోజువారీ పరీక్షల పుస్తకం కావాలని డాక్టరమ్మ రెండుసార్లు ఫోన్ చేశారు. ఈ పార్శిల్లో పెట్టాను.

అక్క కిందికి దిగిన కొత్తల్లో నువ్వు చూడలేదు. చెరో భుజం ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేదు. కాళ్లు పుల్లలైపోయాయి. దగ్గరి అక్షరాలు కంటికి ఆనేవి కావు. మెదడు కూడా తలలో కాస్త పైకి జరిగిందని ఫొటో చూపించారు. నేను ఏడుస్తుంటే, నా బుర్ర ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటుందని తిట్టేదానివిగా, ఇదిగో రుజువు అని నవ్వింది. మంచినీళ్లు తాగి గ్లాసును గాల్లో వదిలేసేది. అక్కడ వదిలితే అక్కడే ఉండేదట మరి! అది ఢామ్మని పడగానే నాలుక కరుచుకుని, మీ ఇంట్లో వస్తువులకు బొత్తిగా ఓపిక లేదే అమ్మా అనేది. ఇంట్లో సొట్టపడని గ్లాసు ఒక్కటి లేదు. కొత్తవి కొనను.

రోజూ పొద్దున్నే ఇంట్లో ఒక పరీక్ష ఉండేది. అది కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే, గోడ గడియారం చూస్తూ నేను సెకన్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. మొదటిరోజు రెండు. ఏడాది తిరిగేసరికి పూర్తి లెక్క ముప్పై! తొమ్మిదేళ్లు, జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. ఇంక నువ్వు వెళ్లేది లేదుగా, ఎందుకే ఈ తపస్సు అంటే, వెనకొచ్చే పిచ్చుక పడిపోకూడదుగా అంది. శిక్షణలో నీ గంతులు చూసి పెట్టిన పేరట కదా అది.

నలభై ఏళ్లు కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని, మొండితనమంటే నాదే అనుకునేదాన్ని. అది నన్ను మించింది. దాన్ని నేనే కన్నానా అనిపిస్తుంది.

నువ్వూ అంతటిదానివే తల్లీ. వెళ్లి రా. వెళ్లేముందు మాత్రం కింది మాట చదువు.

ఇట్లు,
అక్క వాళ్లమ్మ

తా.క. పుస్తకంలో చివరి ఏడాదంతా ముప్పై, ముప్పై అని ఉంటుంది. అది అబద్ధం. ఒకరోజు ఇరవై రెండుకే కాలు దిగిపోయింది. కళ్లు తెరిచి, ఎంతమ్మా అని నా ముఖంలోకి చూసింది. ముప్పై అని నోట వచ్చేసింది. ఆ తర్వాత పద్నాలుగైంది, తొమ్మిదైంది. నేను గబగబా లెక్కపెట్టి ముప్పై చేసేదాన్ని. నోరు అబద్ధమాడింది గానీ చెయ్యి ఒప్పుకోలేదు. తెల్లగుడ్డ మీద నల్లదారంతో అసలుది కుట్టిపెట్టాను, రోజుకో వరస, సెకనుకో కుట్టు. రెండున్నర గజాల గుడ్డ అది, పుస్తకం కిందే ఉంది. నిన్ను ఎన్నాళ్లు పైన ఉంచాలో ఆ గుడ్డ చూసి తేల్చమని డాక్టరమ్మతో చెప్పు. నేను అప్పుడే నిజం చెప్పి ఉంటే దానికి వైద్యం అందేదేమో. ఆ పాపం నాది. నీ దగ్గర మళ్లీ చెయ్యను.

నిన్న గుడ్డ మడతపెడుతుంటే చివర్న నేను కుట్టని వరస ఒకటి కనబడింది. ఎర్రదారం, వంకరటింకరగా ఆరు కుట్లు. అక్కకు సూది పట్టడం నేను నేర్పనేలేదు. పోయే ముందురోజు పొద్దున నేను పని ఉండి బయటికి వెళ్లాను, ఒక్కతే నిలబడింది. సాయంత్రం వచ్చి, ఎంతే అని అడిగితే, ముప్పై అమ్మా అని నవ్వింది. నేను నిజమేననుకుని పొంగిపోయి పుస్తకంలో రాసేశాను.

డాక్టరమ్మను ఆ ఎర్ర ఆరు కూడా కలుపుకోమను.