ఎనిమిదో గొంతు

చెల్లీ లీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ప్రార్థన ముగించుకొని గుడియాత్తంలో నీ బ్రెయిలీ కేంద్రానికి పోయినాను. మనకు సాయం చేసే వేలూరు ట్రస్టు నుంచి ఒకాయన చూడను వస్తారని కబురొచ్చింది. నేర్పే మనిషి లేకపోతే సాయం ఆపేస్తారంట. అప్పుడు ఆ గదీ పోతుంది, నీ దగ్గర నేర్చుకునే ఏడుగురు ఆడవాళ్లూ మళ్లీ ఇంట్లోనే కూర్చోవాల.

వచ్చినాయనకూ చూపు లేదు. ఎవరు లోపలికి వచ్చినా నేర్చుకునేవాళ్లందరూ పేర్లు చెప్పుకోవాలని నువ్వు పెట్టిన పద్ధతి ఇంకా నడస్తా ఉండాది. ఒకరి తర్వాత ఒకరు చెప్పినారు.

"ఎనిమిది మందా?" అన్నారాయన.

"ఏడుగురే సార్," అన్నాను.

"మరి కిటికీ పక్కనుంచి లీల అని చెప్పినామె?"

అక్కడ ఉండేది నీ కుర్చీ. ఖాళీగానే ఉండాది.

"ఆమె మా టీచరు సార్," అని ఆ ఏడుగురిలో మునియమ్మ నవ్వింది. "పెద్దక్కకు కండ్లుండాయి కదా, అందుకే తెలీదు."

నాకు అబద్ధం చేతకాదు. "లీల నా చెల్లెలు సార్. చనిపోయి ఏడాదైంది. ఇప్పుడు నేర్పేవాళ్లు లేరు," అని చెప్పేసినాను.

ఆయన కిటికీ వైపు చెవి పెట్టి చాలాసేపు విన్నారు.

"సాయం ఆపను. మీరు ఆ కుర్చీలో కూర్చొని నేర్చుకోండి, తర్వాత వీళ్లకు నేర్పండి. ఆమె సరే అంటా ఉంది," అన్నారు.

రేపటి నుంచి పోవాల. దేవునికి మొక్కుకున్నాను. నేను కూర్చునే ముందు నువ్వు లేచినావో లేదో నాకు కనపడదు కదమ్మా.

నీ పెద్దక్క