కోట్స్ మధ్య పేర్లు

మంగళవారం, అత్వెల్లి

కోడిపిల్లల్ని పొదిగించే హేచరీ ఆఫీసులో, లెక్కలన్నీ కొత్త డేటాబేస్‌లోకి మార్చే పని ఈ రోజూ తెమల్లేదు. అందులోని పట్టికలకు, అంటే టేబుళ్లకు, ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలిపి పేర్లు పెట్టింది నేనే. పాత సిస్టమ్ ఆ తేడా చూసేది కాదు. కొత్తది కొటేషన్ గుర్తులు, అదే కోట్స్, లేని పేరును చిన్నక్షరాల్లోకి మార్చేసుకుని, అలాంటి టేబుల్ లేదంటుంది. పోయిన నెల మేనేజర్ యాదగిరి సార్ తొందరపెడితే, పేర్లు మార్చకుండా ప్రతిదానికీ రెండు పక్కలా కోట్స్ తగిలించాను. ఎక్కడ మరిచిపోతే అక్కడ రిపోర్టు ఆగిపోతోంది.

"సార్, వారం ఇయ్యుండ్రి. అన్నీ చిన్నక్షరాలు జేస్త. ఇగ ఏ డేటాబేస్‌ల పెట్టినా నడుస్తది" అని ఈ పొద్దున ఆయనతో అన్నాను.

"వారమా! రేపు కోడిపిల్లలు లారీ ఎక్కాలె. నడుస్తాంది గదమ్మా, గట్లనే నడిపియ్యి. నువ్వున్నవ్ గదా!"

ఆ చివరి మాటే మింగుడుపడటం లేదు. గండిమైసమ్మ దగ్గర వేరే ఉద్యోగం వచ్చిందని ఆయనకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? ఆ కోట్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో నాకొక్కదానికే తెలుసు.

సాయంత్రం కొత్త టేబుల్ ఒకటి కావాలన్నారు. అన్నీ చిన్నక్షరాలతో పేరు రాశాను. మిగతావాటికి తేడాగా ఉంటుందని చెరిపేసి, మళ్లీ పెద్దవీ చిన్నవీ కలిపే రాశాను. దానికీ కోట్సే పెట్టాను.