సుగుణ తెచ్చిన ఫైకస్

21-1-1999
సుగుణ పోయి ఇవాళ్టికి మూడో రోజు. ఆ రోజు సంగతి రాసి పెట్టాలి. ఉదయం ఆరింటికి ఆయాసం మొదలైంది. సగం గ్లాసు కాఫీ తాగి చాలంది. ఏడున్నరకు కారు వచ్చింది. ఎనిమిదింబావుకు అమలాపురం చేరాం. డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు. పదకొండింటికి నా చెయ్యి వదిలి దుప్పటి సర్దుకుంది. పన్నెండు దాటాక లేదు. మర్నాడు సమాధి. అంతే.

26-1
చర్చివాళ్ళ ఆదరణ కూడిక అయింది. కుర్చీలు వెనక్కి పంపించాను.

2-2
వరండా పక్క ఫైకస్ చెట్టు కింద ఆకులు. పండినవి కావు, పచ్చవే. అంచులు కాలినట్టున్నాయి. ఊడ్చాను.

4-2
మళ్ళీ అన్ని.
కడియం నర్సరీలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది సుగుణ. తొమ్మిదేళ్ళయింది. కాయ లేదు, పువ్వు లేదు. ఊళ్ళో నవ్వేవారు — "ఆ జాగాలో రెండు కొబ్బరి మొక్కలు పడతాయి కదండీ!" తను ఒకటే మాట. "ఇంటికి ఒక్క చెట్టైనా ఊరికే ఉండనివ్వండి."

7-2, ఆదివారం
చర్చి నుంచి వస్తూ సుగుణ చెల్లెలు మేరీ ఆగింది. అక్క చెట్టు చూసి, నన్ను చూసి —
"బావగారూ, కాలేజీలో పిల్లల్ని చూసినట్టు చూస్తున్నారు దాన్ని. ఆ చూపుకి ఏ చెట్టైనా ఆకులు రాల్చేస్తుందండి."
నవ్వు వచ్చింది. నీళ్ళు చాలడం లేదేమో అంది. రెండు బిందెలు పోశాను.

12-2
నీళ్ళు ఎక్కువయ్యాయేమో... ఆపేశాను.

15-2
పైకొమ్మలు బోడి. ఇది కూడా పోతే —

20-2
కడియం వెళ్ళొచ్చాను. రుమాల్లో నాలుగు ఆకులు, పాదులోని మన్ను కాస్త. నర్సరీ ముసలాయన ఆకులు పక్కన పెట్టి, చిటికెడు మన్ను నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు.
"తమది కోనసీమాండీ?"
"ఆయ్."
"అయితే ఉప్పేనండి. కొబ్బరికి మేలు, దీనికి చేటు."
వేళ్ళు నీళ్ళు తీసుకోలేవట. ఒంట్లో ఉన్న నీళ్ళు దక్కించుకోడానికి చెట్టే ఆకులు వదిలేసుకుంటుందట. "పైమన్ను తీసెయ్యండి. వేసవికి కాలవలు కట్టేసేలోగా మంచినీళ్ళు బాగా పట్టించండి. బతికితే బతుకుద్ది."

21-2
వెంకన్న కొబ్బరి దింపుకు వచ్చాడు. ఏటా కొబ్బరి పాదుల్లో ఉప్పు వేసేది వాడే. అడిగాను.
"మీరే చెప్పేరు కదండీ. అమ్మగారిని కారెక్కిస్తా ఉన్నారు. ఉప్పు ఏ చెట్లకండీ అంటే, అన్నిటికీ వేసెయ్ అన్నారండి."
నాకు గుర్తు లేదు. అని ఉంటాను.
"అమ్మగారి చెట్టు కదాని దానికి రెండు దోసిళ్ళు ఎక్కువే ఏసేనండి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.
మంచి పని చేశావన్నాను.

23-2
వెంకన్న ఫైకస్ దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. "నీరసంగా ఉందండి ఇది. ఇంకో దోసెడు ఏద్దామాండీ?"
"వద్దు. దీన్ని నేను చూసుకుంటాను."
చిన్నబుచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో చెట్లన్నీ వాడివే. చెప్పాలా? చెబితే ఇక దేన్నీ ముట్టుకోడు. సుగుణ ఉంటే చెప్పనిచ్చేది కాదు.

24-2
కొమ్మల బెరడు గోటితో గీరి చూశాను. పైవి ఎండిపోయాయి. కిందివాటిలో పచ్చదనం ఉంది... ఉన్నట్టే ఉంది. ఇవాళ కూడా ఆకులు రాలాయి. తక్కువా, ఎక్కువా — చెప్పలేను.
రేపు పొద్దున్నే వెంకన్నకు కాయలు అప్పగించి అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు పంపుతాను. వాడు తిరిగొచ్చేలోగా జానెడు లోతు మన్ను తీసేసి, కాలవగట్టు మన్ను నింపి, నీళ్ళు పెడతాను.