సూర్నారాయణకు నేను కప్పిన శాలువా

ఆదివారం రాత్రి, ఆగస్టు 2003

ఈ సాయంత్రం ఉక్కునగరం క్లబ్బులో సూర్నారాయణ ఉపన్యాసం. పాముల్లో ఉండే జన్యు ముక్క ఒకటి, వాటితో ఏ చుట్టరికమూ లేని ఆవుల్లోనూ ఉందట. తల్లి నుంచి బిడ్డకు దిగివచ్చింది కాదట. రెండింటి రక్తమూ తాగే గోమారి లాంటి పురుగేదో మోసుకొచ్చి ఉంటుందట. హాలంతా చప్పట్లు.

మేమిద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో, ఇలా జరిగి ఉండొచ్చని స్టాఫ్ రూములో ముందు అన్నది నేను. అప్పుడు వీడేమన్నాడు?

"పాము ముక్క ఆవులోకెలాగెల్తాది బావా, బస్సెక్కా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత నేను దాని గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు. ఆ ఊహను నా నుంచి వీడిలోకి ఏ పురుగు మోసిందో!

సభలో అందరికన్నా పెద్దవాణ్ణని శాలువా కప్పడానికి నన్నే పిలిచారు. లేచి వెళ్లక తప్పలేదు. భుజాల మీద శాలువా సర్దుతుంటే వాడు నా చెవి దగ్గరకు వంగి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"ముందన్నది నువ్వే బావా. నాను మర్సిపోనేదు."

మర్చిపోలేదట. మైకు వాడి మూతికి జానెడు దూరంలోనే ఉంది.